అత్తయ్య ఇంట్లో అద్దె లేదు

చిట్టికి పెద్ద ఊరి ఆసుపత్రిలో జూనియర్ డాక్టరు ఉద్యోగం వచ్చిందని తెలియగానే ఇంట్లో అందరికన్నా ముందు సంతోషించింది వాళ్ళ నాన్న. ఆ సంతోషాన్ని అందరికన్నా ముందు కట్టిపెట్టిందీ ఆయనే. ఆయన కలప డిపోలో గుమాస్తా. ఉద్యోగం చేసినన్నాళ్ళూ తరుగు లెక్కలు వేసిన మనిషి కావడంతో, ఎవరు ఎంత గొప్ప అంకె చెప్పినా అందులో రంపపు పొట్టు కింద ఎంత పోతుందా అనే చూస్తాడు.

"జీతం ఇక్కడికి ఒకటిన్నర రెట్లు. బాగానే ఉంది. మరి అద్దె సంగతో?" అన్నాడు.

సొంత ఊరి ఆసుపత్రి వాళ్ళు కూడా చిట్టిని రమ్మన్నారు. అక్కడ జీతం తక్కువ, అదీ ఒకటో తారీఖున వస్తే వచ్చినట్టు. కానీ ఆసుపత్రి వెనకాలే ఉండడానికి గది ఇస్తారు. ఇంటి నుంచి క్యారేజీ వెళుతుంది. నాన్న రెండు ఊళ్ళనీ చెరోవైపు నిలబెట్టి తూచడం మొదలుపెట్టాడు. పెద్ద ఊళ్ళో తెలిసినవాళ్ళకి ఫోన్లు చేసి గది అద్దె, బస్సు పాసు, గ్యాసు, కోడిగుడ్లు, చివరికి క్షవరం ధర కూడా కనుక్కున్నాడు. ఆడపిల్లకి క్షవరం ధరతో పనేమిటని భార్య అడిగితే, ఆ ఒక్క ధర చెబితే చాలు, ఊరి సంగతంతా తెలిసిపోతుందన్నాడు.

తీరా తేలిందేమిటంటే, నెలాఖరుకి చేతిలో మిగిలేది రెండు చోట్లా ఇంచుమించు ఒకటే. అక్కడ దర్జాగా సంపాదించి దర్జాగా ఖర్చుపెట్టాలి. ఇక్కడ బీదగా సంపాదించి బీదగా ఖర్చుపెట్టాలి. ఈమాత్రం దానికి పెట్టె సర్దుకుని రైలెక్కడం దేనికి అన్నది ఆయన తీర్మానం. చిట్టికి మాత్రం పెద్ద ఆసుపత్రి మీదే మనసు. ఇక్కడ ఏడాదంతా కూర్చున్నా రాని కేసులు అక్కడ ఒక్క నెలలో వస్తాయి. ఆ మాట నాన్నకి చెప్పింది కూడా. దాన్ని రాబడిలో వేయాలో ఖర్చులో వేయాలో తెలియక ఆయన పక్కన పెట్టేశాడు.

లెక్క అలా తేలకుండా ఉండగా, ఆ ఊళ్ళోనే ఉంటున్న నాన్న అక్కగారు ఫోన్ చేసింది.

"మేనకోడలు మా ఊరొచ్చి అద్దె గదిలో ఉంటుందా? ఆ మాట అనడానికి నీకు నోరెలా వచ్చిందిరా?" అంది. "గది ఖాళీగా పడుంది. వండేది ఎలాగూ వండుతాను. పంపించు."

నాన్న మొహం వెలిగిపోయింది. అద్దె సున్నా, తిండి సున్నా. తరుగే లేని దుంగ ఆయన ఉద్యోగ జీవితంలో ఎన్నడూ తగల్లేదు. మర్నాడే టికెట్ కొనేశాడు.

అత్తయ్యా, మావయ్యా ఉండేది నాలుగంతస్తుల పాత భవనంలో, రెండో అంతస్తులో. మావయ్య బస్సు డిపోలో కంట్రోలరుగా చేసి రిటైరయ్యాడు. అత్తయ్య స్కూలు యూనిఫారాలు కుట్టి దుకాణానికి ఇస్తుంది. పిల్లల్లేరు. చిట్టికి ఇచ్చిన గది అంతకుముందు కుట్టు గది. అత్తయ్య మిషన్ని గోడవారకి జరిపి మంచం వేసింది. కిటికీకి కొత్త కర్టెన్ కుట్టింది. ఆ కర్టెన్ నిక్కరు గుడ్డతోనే కుట్టిందనుకోండి, అయినా ముచ్చటగానే ఉంది. చిట్టి ఆ మంచం మీద వెల్లకిలా పడుకుని, తన అదృష్టానికి తనే మురిసిపోయింది.

మొదటి ఆదివారం అత్తయ్య ఆమెను వెంటబెట్టుకుని అన్ని గుమ్మాలూ ఎక్కి దిగింది. "మా మేనకోడలు. పెద్దాసుపత్రిలో డాక్టరు," అని చెప్పింది. జూనియర్ అన్న మాట మెట్ల దగ్గరే వదిలేసింది. మూడో అంతస్తులో సంగీతం మాస్టారు ఉన్నారు. కూర్చోండి అని, ఆ వెంటనే మోకాలు చూపించారు. నాలుగో అంతస్తులో లాయరుగారి భార్య తలుపు సగమే తెరిచింది. డాక్టరన్న మాట వినగానే పూర్తిగా తెరిచింది.

సోమవారం సాయంత్రం చిట్టి డ్యూటీ దిగి ఉసూరుమంటూ ఇంటికొచ్చేసరికి హాల్లో నలుగురు కూర్చుని ఉన్నారు. చుట్టాలేమో అనుకుని పలకరించబోయింది. అందులో ఒకాయన చొక్కా చెయ్యి పైకి మడిచి ముందుకి చాపాడు.

"రెండే రెండు నిమిషాలమ్మడూ. పాపం, ఎప్పట్నుంచో కూర్చున్నారు," అంది అత్తయ్య, టీ కప్పు చేతికిస్తూ.

రెండు నిమిషాలు అలా అలా గంటన్నర అయింది. మర్నాడు ఏడుగురు వచ్చారు. వారం తిరిగేసరికి పక్క భవనంలోవాళ్ళు కూడా, మా వాళ్ళ ఇంటికొచ్చామంటూ మెట్లెక్కడం మొదలుపెట్టారు. కుట్టుమిషన్ మీద బీపీ యంత్రం వెలిసింది. హాల్లో కుర్చీలు గోడవారగా వరస కట్టాయి. మావయ్యకి రిటైరయ్యాక మళ్ళీ చేతినిండా పని దొరికింది. చిట్టి డ్యూటీ చార్టుని పెద్ద అక్షరాలతో రాసి గుమ్మం పక్కన అంటించాడు. ఆమె ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పడుకుంటుందో, ఎప్పుడు లేస్తుందో భవనంలో అందరికీ కంఠతా వచ్చేసింది. వార్డులో ఆలస్యమైతే ఆయన వరండాలోకి వచ్చి, "ఇవాళ సర్వీసు అరగంట లేటు, ఎవరూ కంగారుపడకండి," అని సర్దిచెప్పేవాడు.

ఈ మనుషులని ఆసుపత్రికి మళ్ళించాలని చిట్టి చేయని ప్రయత్నం లేదు. సంగీతం మాస్టారి మోకాలు నిజంగానే ఎక్స్‌రే తీయాల్సిన మోకాలు. ఆసుపత్రికి వచ్చి చూపించుకోండి, అక్కడైతే అన్ని సౌకర్యాలూ ఉంటాయి అని నచ్చజెప్పింది. పాపం, ఆయన పొద్దున్నే స్నానం చేసి, ఉతికిన బట్టలు కట్టుకుని, రెండు బస్సులు మారి వెళ్ళారు. చీటీ రాయించుకుని పొద్దుటి పూటంతా బల్ల మీద కూర్చున్నారు. చివరికి పేరు పిలిస్తే లోపలికెళ్ళి చూద్దురు కదా, బల్ల వెనక కూర్చున్నది చిట్టి.

"నువ్వా?" అన్నారు మాస్టారు.

"నేనేనండీ," అంది చిట్టి.

"ఈమాత్రానికి మెట్లు దిగి కింది అంతస్తుకి వస్తే సరిపోయేదిగా తల్లీ. బస్సు చార్జీలు దండగ."

ఎక్స్‌రే తీయించుకున్నారు కానీ, ఆ కథ ఆయన భవనమంతా తిరిగి చెప్పారు. ఆసుపత్రికి వెళితే పూటంతా కూర్చోబెట్టి చివరికి మన అమ్మాయినే చూపిస్తారట అని జనానికి రూఢి అయిపోయింది. ఆ దెబ్బతో హాల్లో ఇంకో రెండు కుర్చీలు వేయాల్సి వచ్చింది.

ఇంటి దగ్గర నాన్న మాత్రం పండగ చేసుకుంటున్నాడు. చిట్టి పంపిన డబ్బు చూసుకుని, సొంత ఊళ్ళో ఉండిపోయిన తోటి డాక్టర్ల తండ్రులని రోడ్డు మీద ఆపి మరీ లెక్క చెబుతున్నాడు. వాళ్ళమ్మాయికి ఎంత మిగులుతోంది, మా అమ్మాయికి ఎంత మిగులుతోంది అని. తండ్రులు బిక్కమొహాలు వేసుకుని వెళ్ళిపోతున్నారట.

ఆసుపత్రిలో చిట్టితోపాటు చేరిన జూనియర్ ఇంకొకడున్నాడు. ఏ మంచం మీదా కాళ్ళు పట్టవు కాబట్టి అతన్ని అందరూ పొడుగు అనే పిలిచేవారు. అతను ఇంకో ఊరి నుంచి వచ్చాడు. అక్కడ అద్దెలు చవక, జీతం ఇంకా చవక. ఇక్కడ ఒక లాండ్రీ మీద గదిలో, సగం జీతం అద్దెకి పోసి ఉంటున్నాడు. ఇరవయ్యో తారీఖు దాటితే రొట్టె, అరటిపండు. నీలాంటి అత్తయ్య నాకూ ఒకరుంటే ఎంత బాగుండేది అని మొదట్లో చిట్టిని చూసి కుళ్ళుకునేవాడు. కానీ నెలలు గడిచేకొద్దీ ఒక విచిత్రం జరిగింది. రొట్టె తినేవాడు నిగనిగలాడుతున్నాడు. వేడన్నం తినే చిట్టి కళ్ళ కింద చారలు పడి, వడిలిన తోటకూర కాడలా తయారైంది.

ఒకరోజు క్యాంటీన్‌లో టీ తాగుతూ చిట్టి తన సాయంత్రాల సంగతి చెప్పింది. పొడుగు నవ్వలేదు. నోట్లోనే లెక్క వేశాడు. రోజూ అన్ని గంటలు, సెలవు రోజున ఇంకొన్ని, ఆసుపత్రి మనకిచ్చే గంట జీతం ప్రకారం చూస్తే...

"ఈ ఊళ్ళో అందరికన్నా ఎక్కువ అద్దె కట్టేది నువ్వే," అన్నాడు.

చిట్టి నవ్వి కొట్టిపారేసింది. కానీ ఆ మాట చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది.

ఆ తర్వాతి వారం వార్డులో ఒకావిడ గుండె చప్పుడు వింటూ వింటూ, చెవుల్లో స్టెతస్కోపు అలాగే ఉండగా, చిట్టి నిలబడి నిద్రపోయింది. ఎంతసేపు పోయిందో ఆమెకి తెలియదు. మెలకువ వచ్చేసరికి ఆ మంచం చుట్టూ చుట్టాలు మూగి ఉన్నారు. పేషెంటు వెక్కివెక్కి ఏడుస్తోంది.

"అంతసేపు విన్నారంటే... అంత చెడ్డగా ఉందా డాక్టరుగారూ? నా దగ్గర దాచకండి," అంది.

ఏమీ లేదమ్మా, గుండె బ్రహ్మాండంగా ఉందని చిట్టి ఎంత చెప్పినా నమ్మలేదు. పెద్ద డాక్టరు వచ్చి, తను కూడా విని, ఒట్టేసి చెబితే తప్ప ఆవిడ ఏడుపు ఆపలేదు. ఆయన చిట్టిని పక్క గదిలోకి పిలిచాడు.

"బయట ఇంకెక్కడైనా పనిచేస్తున్నావా? అది రూల్సుకి విరుద్ధం. తెలుసుగా?"

"లేదు సార్. అత్తయ్య వాళ్ళింట్లో ఉంటున్నాను."

ఆయన కాసేపు ఆమె మొహంలోకి చూశాడు. ఆయన కూడా ఒకప్పుడు జూనియరే. "ఎంతమంది వస్తారు రోజుకి?" అని అడిగాడు. చిట్టి చెప్పింది. ఆయన నిట్టూర్చి, తను ఆ వయసులో పెదనాన్నగారింట్లో ఉండేవాణ్ణనీ, ఎవరైనా గుర్తుపట్టి చెయ్యి చాపుతారేమోనని ఆ వీధిలో ఇప్పటికీ తల ఎత్తకుండా నడుస్తాననీ చెప్పి, ఒకరోజు సెలవు రాసిచ్చాడు.

ఆ సాయంత్రం ఏమైనా సరే, అత్తయ్యతో మాట్లాడి తేల్చేయాలని మెట్లెక్కుతూ మాటలన్నీ వరసగా పేర్చుకుంది. తలుపు తీసిన అత్తయ్య మొహం మతాబులా వెలిగిపోతోంది. పెట్టెలో ఉండే మంచి చీర కట్టుకుని ఉంది. లాయరుగారి భార్య టీకి పిలిచిందట. వాళ్ళ సోఫాలో తన పక్కనే కూర్చోబెట్టుకుందట. కప్పు ఖాళీ అయితే తనే లేచి మళ్ళీ పోసిందట. ఆ సోఫా ఎంత మెత్తగా ఉందో అత్తయ్య చేతులతో నొక్కి మరీ చూపించింది. చిట్టి పేర్చుకున్న మాటలన్నీ పక్కన పెట్టేసింది. చేతులు కడుక్కుని బీపీ యంత్రం ముందు కూర్చుంది.

సెలవు రోజున, ఆసుపత్రికని చెప్పి బయల్దేరి, పొడుగుని తోడు తీసుకుని గదుల వేటకి వెళ్ళింది. నాలుగు వీధులు తిరిగేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ఒక గదికి కిటికీ లేదు. ఒక గదిలో కిటికీ ఉంది, తీస్తే ఎదురింటి గోడ చేతికి తగులుతోంది. చివరికి నట్లూ బోల్టులూ అమ్మే దుకాణదారు మేడ మీద ఒక గది నచ్చింది. వెలుతురుంది, గాలి ఉంది, అద్దె మాత్రం వింటే గుండె జారిపోయేలా ఉంది. చిట్టి సరేనబోతుండగా ఆయన, ఏం చేస్తుంటారమ్మా అని అడిగాడు. అలవాటుగా డాక్టర్నని నోరు జారింది.

ఆయన మొహంలో ఒక్కసారిగా ఆప్యాయత పొంగింది. "ముందే చెప్పకూడదూ? మీ దగ్గర అంత తీసుకుంటానా? మూడో వంతు తగ్గించేస్తాను. కింద మా అమ్మ ఉంటుంది, పక్క వాటాలో మావగారు. ఎప్పుడైనా ఒకసారి అలా..."

"తగ్గించొద్దండి," అంది చిట్టి గబుక్కున.

"ఏమిటీ?"

"మీరు ముందు చెప్పిన అద్దే ఇస్తాను. కావాలంటే ఇంకొంచెం వేసుకోండి. కానీ..."

"సగానికి తగ్గించమంటారా పోనీ?"

"వద్దండీ. పూర్తిగా తీసుకోండి."

ఆయన ఇన్నేళ్ళ వ్యాపారంలో బేరం ఇలా ఎదురు నడవడం చూసి ఉండడు. తగ్గిస్తానంటే పెంచమంటున్న ఈ పిల్ల ఎవరో, ఆ పక్కన తల గుమ్మానికి తగలకుండా వంగి నిలబడ్డ మనిషెవరో, అసలు ఈ గదిలో ఏం చేయబోతున్నారో అని ఆయనకి అనుమానం పుట్టింది. గది ఇవ్వడం కుదరదని, అది మా బావమరిదికి ఎప్పుడో మాటిచ్చేశానని, తాళం వేసేసుకున్నాడు.

రెండో చోట చిట్టి జాగ్రత్తపడింది. ఏం చేస్తావంటే, ఆసుపత్రిలో కాగితాలు రాస్తానంది. రోజంతా చీటీలు రాస్తూనే ఉంటుంది కాబట్టి అది అబద్ధమూ కాదు. ఇంటావిడ నెమ్మదస్తురాలు. కాగితాలు రాసేవాళ్ళకి ఏం జీతం వస్తుందిలే పాపం అని జాలిపడింది. జాలి జాలే, అద్దె అద్దె. ఒక్క పైసా తగ్గించలేదు. జీతంలో సగం పైగా ఆ గదికే సరి. చిట్టి అడ్వాన్సు ఇచ్చేసి బయటికొచ్చి, రోడ్డు మీద ఆగి గట్టిగా ఊపిరి పీల్చుకుంది.

అత్తయ్యకి చెప్పేటప్పుడు ఇంట్లో ఎవరూ లేకుండా చూసుకుంది. అత్తయ్య అంచు కుడుతున్న గౌను మీద నుంచి చూపు ఎత్తలేదు.

"అద్దె అడిగానా నిన్ను?"

"లేదత్తయ్యా."

"తిండి సరిగ్గా పెట్టలేదా?"

"అయ్యో, అదేం మాట. నిద్ర చాలట్లేదు అత్తయ్యా. వార్డులో నిలబడి నిద్రపోయాను. రేపు ఎవరికైనా ఏదైనా అయితే?"

సూది ఆగింది. "ఈ మాట నాకు ముందే చెప్పి ఉంటే మర్నాటి నుంచి ఒక్కణ్ణి గడప తొక్కనిచ్చేదాన్నా?" అంది. గొంతు తగ్గించి మళ్ళీ అంది. "ఈ ఇంటికొచ్చి పద్దెనిమిదేళ్ళమ్మడూ. నాలుగో అంతస్తావిడ మెట్ల మీద ఎదురైతే, నన్ను కూడా మెట్ల కమ్మీలాగే చూసి పోయేది. నువ్వొచ్చాక కదా, నాకూ ఒక మొహం ఉందని వాళ్ళకి కనిపించింది. ఆ మాయలో పడి నీ మొహం చూడ్డం మానేశాను."

చిట్టి పక్కన కూర్చుని అత్తయ్య భుజం మీద తల ఆనించింది. అలాగే నిద్రపోయింది కూడా. వచ్చినవాళ్ళందరినీ ఆ పూట మావయ్య గుమ్మంలోంచే, సర్వీసు రద్దు అని చెప్పి వెనక్కి పంపించేశాడు.

చిట్టి గది మారింది. ఆదివారం మధ్యాహ్నం భోజనానికి రావాలని, వచ్చినప్పుడు ఒక్క గంట, అంతకుమించి ఒక్క నిమిషం కూడా లేదని ఒప్పందం. ఆ గంటకి మావయ్య కొత్త టైంటేబుల్ అంటించాడు. బీపీ యంత్రం మాత్రం చిట్టి అక్కడే వదిలి వచ్చింది. అత్తయ్య దాన్ని వాడడం రెండు రోజుల్లో నేర్చేసుకుంది. జనం రావడం మానేస్తారేమో, మళ్ళీ మెట్ల కమ్మీ అయిపోతానేమో అని లోపల్లోపల భయపడింది గానీ, ఎవరూ మానలేదు. వస్తారు, చెయ్యి చాపుతారు, అంకె చెప్పించుకుంటారు, టీ తాగుతారు, కోడళ్ళ గురించీ అల్లుళ్ళ గురించీ చెప్పుకుంటారు. అత్తయ్య అందరికీ ఉప్పు తగ్గించమని చెబుతుంది. అంకె ఎక్కువుంటే ఆసుపత్రికి పొమ్మంటుంది. చిట్టి నెలల తరబడి బతిమాలినా కదలనివాళ్ళు, అత్తయ్య కసిరితే మారు మాట్లాడకుండా బస్సెక్కుతున్నారు. లాయరుగారి భార్య అయితే ఇప్పుడు ఆవిణ్ణి వదినగారూ అని పిలుస్తోంది.

దెబ్బ తగిలింది నాన్నకే. ఆయన ఫోన్ చేసి లెక్కంతా మళ్ళీ మొదట్నుంచి వేశాడు. జీతం ఇంత, అద్దె ఇంత, బస్సు, గ్యాసు, కోడిగుడ్లు. నెలాఖరుకి మిగిలేది సరిగ్గా సొంత ఊళ్ళో మిగిలేదానితో సమానం. "మరి అంత దూరం వెళ్ళి నువ్వు బావుకున్నదేమిటే?" అని అడిగాడు. జవాబు రాలేదు. కోపం వచ్చిందేమోనని గొంతు మెత్తన చేసుకుని, తండ్రిగా తన బాధ్యత ఏమిటో వివరంగా చెప్పుకొచ్చాడు. చాలాసేపయ్యాక గానీ అవతలి నుంచి వస్తున్నది గురక అని ఆయనకి తెలియలేదు. మామూలుగా అయితే విసుక్కునేవాడే. ఆ రోజు ఎందుకో ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని కాసేపు విని, చప్పుడు కాకుండా పెట్టేశాడు. వీధిలో తండ్రులని ఆపడం మాత్రం మానుకున్నాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళకి సొంత ఊరి ఆసుపత్రిలో పనిచేస్తున్న స్నేహితురాలు చిట్టికి ఫోన్ చేసింది. తనకి కూడా ఆ పెద్ద ఊళ్ళోనే, ఇంకో ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చిందట. జీతం ఒకటిన్నర రెట్లట. రావాలా వద్దా, ఖర్చులెలా ఉంటాయి, నిజం చెప్పమని అడిగింది. చిట్టి ఉన్నదున్నట్టు చెప్పింది. అద్దె చెప్పింది, బస్సు చెప్పింది, రొట్టె ధర కూడా చెప్పింది. నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి చోటు లేదని, డబ్బు మాత్రం మిగలదని, అది తెలిసి రమ్మని చెప్పింది.

"అద్దె బాధ నాకు లేదులే," అంది స్నేహితురాలు. "మా చిన్నాన్నావాళ్ళు అక్కడే ఉన్నారు. గది ఖాళీగా ఉంది, వచ్చి మా దగ్గరే ఉండమంటున్నారు. పైసా ఇవ్వక్కర్లేదట."



"ఆ భవనానికి ఎన్ని అంతస్తులు?" అని అడిగింది చిట్టి.

"పన్నెండు. లిఫ్టు కూడా ఉందట," అంది స్నేహితురాలు సంబరంగా.